కంప్యూటరు సెట్టింగులు
(ఉపన్యాస పాఠము)



వికారాబాదు జంక్షనులో రైలుమార్గము రెండుగా చీలును. ఒకటి తాండూరు మీదుగా వాడికి, మఱియొకటి జహీరాబాదు మీదుగా బీదరుకు పోవును. ఆ చీలిక నెఱిగినవాడు తాండూరు చేరును. ఎఱుగనివాడు ఇతరుల నడుగుచు నిలువవలసినదే. కంప్యూటరులో అట్టి కూడలియే సెట్టింగులు. అక్షరముల పరిమాణము, తెర వెలుతురు, ధ్వని, భాష, గడియారము మున్నగునవి సరిచేసికొను చోటు ఇదియే.

1985లో విండోస్ వెలువడిన నాటినుండియు ఈ పనికి కంట్రోల్ ప్యానెల్ అను విభాగము గలదు. 2012లో వచ్చిన విండోస్ 8తో సెట్టింగులు అను వేఱొక విభాగము చేరినది. విండోస్ 10, 11 గల యంత్రములలో దీనిని తెఱచుట మిక్కిలి సులభము. విండోస్ గుర్తుగల మీటను నొక్కిపట్టి, ఇంగ్లీషు 'ఐ' అక్షరపు మీటను నొక్కినచాలును. మీటలు జ్ఞప్తికి రానిచో, తెర అడుగున నున్న స్టార్ట్ గుర్తును నొక్కి, పండ్లచక్రము బొమ్మను వెదకవలెను. విండోస్ 7 వంటి పాత యంత్రములలో కంట్రోల్ ప్యానెలే శరణ్యము.

ఇంతమాత్రము తెలిసిన కలుగు లాభమేమి? చూపు మందగించిన వృద్ధుడొకడు తన భూమి వివరములను తెరపై చూడబోవును. అక్షరములు చీమలవలె కనబడును. అంతట తన కాగితములను, తన రహస్యములను పరుల చేతిలో పెట్టును. విండోస్ 11 సెట్టింగులలో 'యాక్సెసిబిలిటీ', అందు 'టెక్స్ట్ సైజ్' అనుచోట అక్షరములను పెంచుకొనవచ్చునని తెలిసినచో, తన వివరములు తానే చదువుకొనును. అట్లే 'టైమ్ అండ్ లాంగ్వేజ్' అనుచోట తెలుగును చేర్చుకొన్నచో, తెలుగులోనే వ్రాయవచ్చును. పిదప విండోస్ మీటతోపాటు స్పేస్ మీటను నొక్కిన, ఇంగ్లీషునుండి తెలుగునకు మాఱవచ్చును.

నిజాము పాలనలో ఉర్దూ రాజభాషగానున్న కాలమున, 1901లో, హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. తెలుగువాడు తన భాషలో తాను చదువుకొనవలెనన్న యాశయము నేటి యంత్రమునకును వర్తించును.

అయితే ఒక నియమము కలదు. గ్రంథాలయమందలి కంప్యూటరు అందఱిది. చదివిన పుస్తకమును తీసినచోటనే ఉంచునట్లు, మార్చిన సెట్టింగులను మరల యథాస్థితికి తెచ్చి లేవవలెను. అర్థము తెలియని మీటను నొక్కుటకు ముందు గ్రంథపాలకుని సంప్రదించుట మేలు.

దారి యడుగుట తప్పు కాదు. ఒకమాఱు తెలిసికొన్న దారిని మఱియొకనికి చూపుటయే విద్యకు సార్థక్యము.