వజ్రపు రవ్వకు లోహపు పూత

మొన్న ఒంగోలునుండి చీమకుర్తికి పోయి అచ్చటి నల్లరాతి గని చూచి వచ్చితిని. ఆ రాతిలో మెరయు చుక్కలు బంగారము గావు, బ్రాంజైటు అను ఖనిజము. కొండను కోయునది ఉక్కు త్రాడు. దానికి మీటరుకు సుమారు 40 పూసలు గ్రుచ్చియుండును. లోహపు పొడిలో వజ్రపు రవ్వలు కలిపి, అదిమి, కాల్చి ఆ పూసలు చేయుదురు.

మన పల్నాటి కొల్లూరి గనులలో 60,000 మంది పనిచేయుచుండిరని 17వ శతాబ్దిలో ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే వ్రాసెను. ఆ గనులిప్పుడు పులిచింతల నీటిలో మునిగియున్నవి. పూసలలోనివి అట్టి వజ్రములు గావు. 1953లో స్వీడనులోను, 1954లో అమెరికాలోను మనుష్యులు చేయ నేర్చిన కృత్రిమ వజ్రములు.

మేస్త్రీ నాకొక పాత పూస నిచ్చెను. భూతద్దముతో చూడగా రవ్వలకంటె గుంటలే మెండుగా నుండెను. "ఇవి అరగలేదండీ, ఊడిపోయినాయి" అని యతడు వాపోయెను. వెల పెట్టి కొన్న వజ్రము పని చేయకముందే బురదలో కలిసెనన్నమాట.

కారణమేమనగా, కరగిన రాగి వజ్రముపై తామరాకుమీది నీటిబొట్టువలె నిలుచును గాని అంటుకొనదు. రవ్వను లోహము చుట్టును నొక్కి పట్టుటయే గాని అతుకు లేదు. ఇనుము, కోబాల్టు మిక్కిలి వేడిలో తగిలినచో వజ్రపు పైపొర గ్రాఫైటుగా మారి ఆ పట్టును సడలును.

అందుచేత రవ్వకు ముందుగా టైటానియమో, క్రోమియమో, టంగ్‌స్టనో పూయుదురు. ఆ పూత తరచుగా వెండ్రుక మందములో నూరవవంతునకు అటునిటుగా నుండును. వేడిలో అది వజ్రములోని కర్బనముతో కలిసి కార్బైడగును. ఒకవైపు వజ్రముతోను, రెండవవైపు లోహముతోను అతుకు కుదురును. కళాయి వేయువాడు నవసాగరము చల్లి, తగరము పెట్టి, మన చేలలోని దూదితోనే తుడుచుట మీరెరిగినదే. నవసాగరము లేనిదే తగరము పట్టదు. అయితే నవసాగరము పొగయై పోవును, ఈ పూత నిలిచియుండును.

పూత సర్వరోగనివారిణి గాదు. ఇనుము హెచ్చుగా గల పొడిలో పలుచని పూత కరగిపోవచ్చును. పట్టుకొన్న లోహము మరీ గట్టిదైనను చిక్కే: కక్కు అరిగిన కొడవలివలె రవ్వలు నునుపెక్కి జారును, లోపలి క్రొత్త రవ్వలు పైకి రావు. మెత్తని రాతికి ఈ ఖర్చు దండుగయని నా అభిప్రాయము.

త్రాటి వెల మాత్రమే చూడక, ఒక్కొక్క త్రాడు ఎన్ని చదరపు మీటర్లు కోసినదో గోడమీద వ్రాయుచుండుమని మేస్త్రీతో చెప్పి వచ్చితిని.