వకాలతు నుండి న్యాయబోధనకు

(బరంపురంలో తెలుగు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



న్యాయశాస్త్రం చదివినవారికి వకాలతు ఉండగా అధ్యాపకత్వం ఎందుకని పలువురు నన్ను అడుగుతుంటారు. గంజాం తెలుగువారికి ఇది ఒక ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదని నా మనవి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం మద్రాసు రాజధాని నుండి అందులో చేరింది. నాటి నుండి ఇక్కడ మనం భాషా అల్పసంఖ్యాకులం. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించేందుకు కృషి చేయాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం రాష్ట్రాలకూ స్థానిక సంస్థలకూ నిర్దేశిస్తున్నది. బడిలో 40 మంది గానీ తరగతిలో 10 మంది గానీ ఆ భాష పిల్లలుంటే ఉపాధ్యాయుణ్ణి నియమించాలని 1949లోనే విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. అల్పసంఖ్యాకులెవరన్నది రాష్ట్రం ప్రాతిపదికగా నిర్ణయించాలని 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక బరంపురం వీధుల్లో తెలుగువారు ఎందరున్నా, సొంత విద్యాసంస్థలను నెలకొల్పుకునే 30వ అధికరణపు హక్కు మనకున్నది.

ఈ సంగతులు తెలిసిన కుటుంబాలెన్ని? ఒడియాలో రాసిన అర్జీపై వేలిముద్ర వేసి, "ఇందులో ఏటుంది బాబూ?" అని అడిగిన వృద్ధులను నేను చూశాను. న్యాయవాదిగా నేను ఒక అర్జీని ఒకరికి చదివి వినిపించగలను. తరగతి గదిలో అదే విషయం బోధిస్తే, ఏటేటా పదుల సంఖ్యలో విద్యార్థులు ఊరూరా చదివి వినిపించగలరు.

ఇక మార్గం చెబుతాను. మన ఊళ్ళోనే లింగరాజ్ న్యాయ కళాశాల ఉన్నది. పట్టా పొందాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 2011లో మొదలైన అఖిల భారత బార్ పరీక్షలో నెగ్గాలి. కొన్నేళ్ళు కింది కోర్టుల్లో పనిచేయండి. దావా, వాంగ్మూలం, వాయిదా అంటే ఏమిటో అక్కడే అర్థమవుతుంది. ఆ అనుభవమే రేపటి పాఠానికి ప్రాణం. వకాలతు సాగిస్తూనే ఎల్‌ఎల్.ఎం.కు సిద్ధం కండి. అందులో సాధారణంగా 55 శాతం మార్కులు అవసరం. సహాయాచార్య పదవికి నెట్, సెట్ లేదా స్లెట్‌ను కనీస అర్హతగా 2023లో యూజీసీ నిర్ణయించింది.

వకాలతు ఒక్కసారిగా వదలనక్కరలేదు. రోజుకు 3 గంటలకు మించకుండా న్యాయవాదులు న్యాయశాస్త్రం బోధించవచ్చునని బార్ కౌన్సిల్ 1979 నియమాలు అనుమతిస్తున్నాయి. పూర్తికాలపు జీతం స్వీకరించిననాడు మాత్రం వకాలతు నిలిపివేయాలి. మొదట కొన్ని గంటల బోధనతో మీ శక్తిని పరీక్షించుకోండి.

బరంపురంలో పుట్టిన వి.వి. గిరి ఐర్లండులో న్యాయవిద్య అభ్యసించి, వకాలతు చేసి, ఆ జ్ఞానాన్ని కార్మికుల పక్షాన వినియోగించారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. చట్టజ్ఞానం న్యాయస్థానపు గడప దాటి ప్రజల మధ్యకు వెళ్ళగలదనడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

తల్లిదండ్రులారా, మీ పిల్లలకు ఇంట తెలుగు చదవడం, రాయడం నేర్పండి. ఒడియా, ఇంగ్లీషు కూడా శ్రద్ధగా చదివించండి. మూడు భాషల్లో చట్టాన్ని వివరించగల అధ్యాపకులు మన ఇళ్ళ నుండి రావాలి. ఆ పని ఈ సభలోని యువతీయువకులతోనే మొదలుకావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.