ముందు వీధి, తర్వాతే భవనం

గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుంచి మైసూరు సీమకు వలస వెళ్లిన కుటుంబం ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిది. ఊరి పేరే ఇంటిపేరైంది. ఆ ఇంటి బిడ్డ 1909లో హైదరాబాదుకు వచ్చి చేసిన పని మీదే ఈ నగరం ఇవాళ్టికీ నిలబడి ఉంది.

1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగింది. వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. నిజాం ప్రభుత్వం పిలిపిస్తే వచ్చిన విశ్వేశ్వరయ్య గారు నగరాన్ని చూసి ఊరుకోలేదు. నదికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుక్కుంటూ ఎగువకు వెళ్లారు. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగిపోయాయని లెక్క తేల్చారు. ఎగువన రెండు జలాశయాలు కట్టండి, నది ఒడ్డులు ఎత్తు చేసి తోటలు వేయండి, ఊరంతటికీ మురుగునీటి పారుదల ఏర్పాటు చేయండి అని నివేదిక ఇచ్చారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. డ్రైనేజీ పని కోసం 1922లో, నగరాభివృద్ధి ప్రణాళిక కోసం 1930లో ఆయన్ను మళ్లీ పిలిపించారు.

వరద వెనకే ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు బస్తీలు జబ్బులకు పుట్టిళ్లయ్యాయి. ఈ రెండు దెబ్బల తర్వాత, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. బోర్డు ముందు భూమి తీసుకునేది. రోడ్డు వెడల్పు ఎంతో తేల్చేది. మోరీలు వేసేది. ఆ తర్వాతే ఇళ్లూ దుకాణాలూ కట్టి అద్దెకిచ్చేది. నాంపల్లి, మల్లేపల్లి ప్రాంతాల్లో అలా లేచిన ఇళ్లు ఈ పద్ధతికి గుర్తులు. అది రాచరికం. ఖాళీ చేయమంటే కాదనే హక్కు బస్తీ జనానికి లేదు. ఆ బలవంతాన్ని ఆదర్శమని నేను చెప్పను. పని చేసిన వరుస మాత్రం నేర్చుకోదగ్గది.

నది ఒడ్డున ఏం కట్టారో కూడా గమనించండి. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి, ఆసఫియా గ్రంథాలయం. హైకోర్టు నమూనాతో జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్, వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ పేర్లు ముడిపడి ఉన్నాయి. కాలేజీ, ఆసుపత్రి కూడా ఎష్ పనులే. అమ్మితే బాగా ధర పలికే నదీతీరాన్ని న్యాయానికీ చదువుకూ వైద్యానికీ కేటాయించారు. ఇంతకన్నా పెద్ద ప్రణాళికా నిర్ణయం ఈ నగర చరిత్రలో నాకు కనబడదు.

ఇక బోర్డు కట్టిన పత్తర్‌గట్టి బజారు. చార్‌కమాన్ నుంచి మదీనా వైపు నడవండి. రోడ్డుకు రెండు వైపులా రాతి కమానులు వరుసగా సాగుతాయి. కమాను వెనక నడిచే వసారా, వసారా లోపల దుకాణం, పైన మరో అంతస్తు. ముత్యాలు అమ్మేవారు, అత్తరు అమ్మేవారు, పెళ్లి బట్టలు అమ్మేవారు ఎవరి వ్యాపారం వారిదే అయినా వీధి ముఖం మాత్రం ఒక్కటే. మే నెల మధ్యాహ్నం కొనడానికి వచ్చినవారూ, ఊరికే దారిన పోయేవారూ అదే నీడలో నడుస్తారు. దుకాణదారుకు గిరాకీ, బాటసారికి నీడ, బోర్డుకు అద్దె ఒకే గీతలోంచి వచ్చాయి. వాస్తుశిల్పం దారి చూపిన రియల్ ఎస్టేట్‌కు తెలుగునేల మీద ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ ఇదే పాఠాన్ని ఇంకోలా చెబుతుంది. రోడ్ల కూడలికి తగ్గట్టు రెక్కలు చాచిన రాతి కట్టడం, నడుమ గడియార స్తంభం. అక్కడి పండ్ల టోకు వ్యాపారం తర్వాత గడ్డిఅన్నారం తరలిపోయింది. కట్టడం మాత్రం పనికిరాకుండా పోలేదు. శిథిలమవుతున్న దశలో మరమ్మతు చేస్తే 2020లో మళ్లీ కళకళలాడింది. వీధితో కుదిరిన భవనం వ్యాపారం మారినా బతుకుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత బోర్డు బాధ్యతలు హౌసింగ్ బోర్డుకు వెళ్లాయి. 1980ల నుంచి అపార్ట్‌మెంట్లు, 1998లో సైబర్ టవర్స్, ఆ వెనక గేటెడ్ కమ్యూనిటీలు వచ్చాయి. లక్షల కుటుంబాలకు సొంత ఇల్లు ఇచ్చింది బిల్డర్లే. అది తక్కువ పని కాదు. అయితే వరుస తిరగబడింది. ముందు స్థలం, తర్వాత టవర్, రోడ్డూ మోరీ చివరికి.

ఇందులో నిబంధనల పాత్ర కూడా ఉంది. హైదరాబాదులో ఎఫ్ఎస్ఐకి, అంటే ప్లాటు విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టవచ్చన్న లెక్కకు, ఉన్న పరిమితిని 2006లో ఎత్తేశారు. 2012 నాటి 168 జీవో ప్రకారం రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు, ఎత్తును బట్టి సెట్‌బ్యాక్. ఫైరింజన్ తిరగాలన్నా, గాలి ఆడాలన్నా సెట్‌బ్యాక్ కావాల్సిందే. కానీ నాలుగు వైపులా ఖాళీ వదిలి, చుట్టూ ప్రహరీ కడితే వీధిలో మిగిలేది గోడ. ఈ నిబంధన కింద ఇవాళ పత్తర్‌గట్టి లాంటి వీధి కట్టడం చాలా కష్టం. ప్రతి ప్లాటుకూ నిబంధన ఉంది, వీధికి లేదు.

2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100.75 కోట్లకు పోయింది. ఆ ధరకు కొన్నాక ఎన్ని అంతస్తులో నిర్ణయించేది ఆర్కిటెక్టు కాదు, వడ్డీ లెక్క. ఆ పక్కనే గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్. 1996 నాటి 111 జీవో జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2020 అక్టోబర్ వానలకు నగరంలో కాలనీలు మునగడం మనం చూశాం. నీటి దారి మీద కట్టిన ఇంటికి ఎంత మంచి ఎలివేషన్ ఉన్నా లాభం లేదు.

విద్యార్థులారా, ప్లాటు నక్షా గీసే ముందు ఆ వీధి అడ్డుకోత గీయండి. చెట్టు ఎక్కడ, మోరీ ఎక్కడ, నడిచే మనిషి ఎక్కడ అన్నది అందులో తేలాలి. బిల్డర్లు తమ ప్రహరీ బయట పది అడుగుల నీడనైనా ఊరికి ఇవ్వాలి. ప్రభుత్వం లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేముందు చెరువులు, నాలాల పటం ముందు పెట్టుకోవాలి. ఫ్లాటు కొనేవారు చదరపు అడుగు ధరతో పాటు వాననీరు ఎక్కడి నుంచి వస్తుందో, ఎటు పోతుందో అడగాలి. విశ్వేశ్వరయ్య గారు ఈ నగరంలో మొదట అడిగిన ప్రశ్న అదే. దానికి జవాబు దొరికాకే పునాది తీయండి.