పొరుగింటి పుల్లకూర, చేతిలో ఫోను



పొరుగింటి పుల్లకూర రుచి అని మన పెద్దలు ఊరికే అనలేదు. అయితే వాళ్ళ రోజుల్లో పొరుగిల్లు అంటే గోడకు అవతలి ఇల్లే. ఆవిడ కట్టిన పట్టుచీర మన కంటబడేది, నెలాఖరున ఆవిడే గిన్నె పట్టుకుని పంచదారకు రావడమూ కంటబడేది. లెక్క సరిపోయేది. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ స్టేటస్‌ల పుణ్యమా అని మనకు వెయ్యిమంది పొరుగువాళ్ళు. అందరి హాలూ చూస్తాం, ఎవరి వంటిల్లూ చూడం.

మా పిల్లలు సండేస్కూల్లో వల్లించే పది ఆజ్ఞల్లో చివరిది ఈ సంగతే చెబుతుంది. పొరుగువారి ఇంటిమీదా, సొత్తుమీదా ఆశ పెట్టుకోవద్దంటుంది. దొంగతనమైతే పోలీసులకు దొరుకుతుంది. ఇది మనసులో జరిగేది, ఎవరికీ దొరకదు. ఆ ఆశ పుట్టించడమే పనిగా పెట్టుకున్న వస్తువు ఇవాళ మన దిండు పక్కనే పడుకుంటోంది.

ఒక చీర దగ్గర వేలు కాసేపు ఆపామంటే అది గుర్తుపెట్టుకుంటుంది. మర్నాడు అలాంటివే పది చూపిస్తుంది. “అక్కా, నేనిదే వాడతాను” అని నవ్వుతూ చెప్పే అమ్మాయికి చాలాసార్లు కంపెనీవాళ్ళు డబ్బిచ్చే ఉంటారు. అలా తీసుకుంటే ఆ సంగతి పైకి చెప్పాలని మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమం పెట్టింది. కాబట్టి మూలన ‘యాడ్’ అనే సన్నని అక్షరాలు ఉన్నాయేమో కాస్త వెతకండి.

డిసెంబరు వస్తే మా ఇళ్ళలో ఈ గొడవ మరీ ఎక్కువ. క్రిస్మస్‌కొక జత, కొత్త సంవత్సరం ఆరాధనకొక జత ఎప్పుడూ ఉన్నవే. ఇప్పుడు ఫొటో కోసం ఇంటిల్లిపాదికీ ఒకే రంగు కావాలి. పశువుల తొట్టిలో పుట్టినవాని పండుగకి! చేతిలో డబ్బు లేకపోతే ఇప్పుడు తీసుకోండి, తర్వాత కట్టండి అంటుంది ఫోను. క్రెడిట్ కార్డు బాకీ పూర్తిగా కట్టకపోతే చాలా కార్డుల మీద నెలకు నూటికి మూడు రూపాయలకు పైనే వడ్డీ పడుతుంది. వీధి చివర వడ్డీవ్యాపారి ఆ మాటంటే శాపనార్థాలు పెడతాం.

మా సంఘంలో ఒకావిడ క్రిస్మస్ చీరల వాయిదాలు ఫిబ్రవరి దాకా కట్టింది. పిల్లవాడి పరీక్ష ఫీజు వేళకి చెవి దిద్దులు తాకట్టుకు వెళ్ళాయి. భర్తకు తెలియదు. ఆదివారం చెవులు కప్పేలా కొంగు కప్పుకుని కూర్చునేది, పాపం.

పౌలు ఫిలిప్పీయులకు ఉత్తరం రాసింది బంధకాల్లో ఉండి. ఉన్నదానితో తృప్తిపడడం పుట్టుకతో వచ్చిందని ఆయన చెప్పుకోలేదు, నేర్చుకున్నానన్నాడు. నాకు ఆ మాటే ధైర్యం. నేర్చుకునేదైతే వంటలాగా, అల్లికలాగా మనకూ వస్తుంది.

ఆవిడ నేర్చుకుంటోంది. ఫోనులో దాచిన కార్డు నంబరు తీసేసింది. ఏదైనా నచ్చితే క్యాలెండరు మీద రాసి, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మళ్ళీ చూస్తుంది. సగం వస్తువులు అప్పటికి ఏ రంగువో కూడా గుర్తుండవట. బాకీ సంగతి భర్తకు చెప్పేసింది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు, మూడోనాడు తనే పుస్తకం తీసి లెక్క రాయమన్నాడు. దిద్దులు ఇంకా ఇంటికి రాలేదు. ఇంకో రెండు నెలలు పడుతుందట.