పాపకు మాటలు నేర్పేదెవరు?

పసిపిల్లలకు మాటలు నేర్పుతామంటూ వీడియోలు, మాట్లాడే బొమ్మలు ఆన్‌లైన్‌లో ఎన్నో అమ్ముతున్నారు. కొనేముందు ఒక పరిశోధన సంగతి వినండి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా కూల్ బృందం 9 నెలల పిల్లలకు మాండరిన్ చైనా భాష వినిపించింది. కొందరితో మనుషులే ఎదురుగా కూర్చుని, ఆడిస్తూ మాట్లాడారు. మరికొందరికి అదే టీవీలో చూపారు. 2003లో ఫలితాలు వెలువడ్డాయి. మనుషులతో గడిపిన పిల్లలు మాండరిన్ ధ్వనుల తేడా పట్టుకున్నారు. టీవీ చూసినవారికి అది అంటనే లేదు. ఎదుట మనిషి ఉంటే పాప కళ్లలోకి చూస్తుంది, మన చూపు వెళ్లిన వస్తువు వైపు తిరుగుతుంది, ‘ఊ’ కొట్టి జవాబు కోసం ఆగుతుంది. ఆ జవాబు రికార్డు చేసిన వీడియో ఇవ్వలేదు. అమ్మానాన్నలారా, నీళ్లు పోసేటప్పుడు, గోరుముద్దలు తినిపించేటప్పుడు పాపతో కబుర్లు చెప్పండి.