టీకా తర్వాత నలభై ఎనిమిది గంటలు

(ఆలయ సభామందిరంలో కొత్త తల్లిదండ్రుల కోసం మా ఆరోగ్య సేవా బృందం చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం ఇక్కడ ప్రచురిస్తున్నాం.)

మనవల్ని చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలకు, నాయనమ్మలకు, తాతయ్యలకు ప్రత్యేక నమస్కారాలు. ఈ రోజు మేము చెప్పబోయే మాటల్లో సగం మీ కోసమే.

మా బృందంలో నర్సులున్నారు, ఫార్మసిస్టులున్నారు, పిల్లల్ని పెంచిన తల్లులున్నారు. గుడికి వచ్చిన కొత్త తల్లిదండ్రులు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఇదే: "టీకా వేయించాం, పాపకి ఒళ్ళు కాలిపోతోంది, ఏం చేయమంటారు?" జవాబు ఆ రాత్రి వెతుక్కోవడం కష్టం, ముందే తెలిసి ఉంటే సులువు. ఏది మామూలో, ఏది కాదో ముందుగా తెలుసుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి. అలా చేస్తే భయపడి తర్వాతి టీకా మానేయరు. "టీకా జ్వరమేలే" అనుకుని అసలు జబ్బును వదిలేయరు కూడా. ఈ రెంటిలో ఏది జరిగినా నష్టపోయేది బిడ్డే.

మొదట తేదీల సంగతి. మన దేశంలో పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు వేస్తారు. ఇక్కడ బ్రిటన్‌లో ఆరు జబ్బుల టీకా 8, 12, 16 వారాలకు. అందుకే ఊళ్ళో పెద్దవాళ్ళు "ఇంకా వేయించలేదా?" అని కంగారు పడతారు. ఆలస్యం కాలేదు, ఇక్కడి పద్ధతే అది. మంగళవారమనో, అమావాస్య అనో అపాయింట్‌మెంటు మాత్రం వాయిదా వేయకండి. నోట్లో చుక్కలుగా ఇచ్చే రోటావైరస్ టీకా మొదటి డోసు 15 వారాలు నిండకముందే పడాలి. ఆ గడువు దాటితే ఇక ఇవ్వరు.

రెండో బిడ్డ ఉన్నవాళ్ళు ఒకటి గమనించండి. మెదడు పొరల వాపు తెచ్చే మెనింజైటిస్ 'బి' టీకా రెండో డోసు ఇదివరకు 16 వారాలకు ఉండేది. 2025 జులై 1 నుంచి దాన్ని 12 వారాలకు మార్చారు. పెద్దవాడికి రాసుకున్న కాగితం చూసి చిన్నదానికి మందు సిద్ధం చేసుకుంటే లెక్క తప్పుతుంది.

ఇక జ్వరం. టీకా చూపించిన శత్రువును ఒళ్ళు గుర్తుపట్టి పోరాటం నేర్చుకుంటుంది. ఆ సాధనలో వచ్చే వేడి అది. మెనింజైటిస్ 'బి' టీకాను మిగతా టీకాలతో కలిపి వేసినప్పుడు జ్వరం ఎక్కువమందికి వస్తుంది. అందుకే 8 వారాలకు, 12 వారాలకు టీకాలు వేయించినప్పుడు జ్వరం కోసం ఎదురుచూడకుండానే పారాసెటమాల్ ఇవ్వమంటారు. మొదటి డోసు టీకా అయిన వెంటనే 2.5 ఎంఎల్. 4 నుంచి 6 గంటల తర్వాత రెండోది, మళ్ళీ 4 నుంచి 6 గంటల తర్వాత మూడోది, ప్రతిసారీ అదే 2.5 ఎంఎల్. మూడు డోసులయ్యాక కూడా జ్వరం ఉండి బిడ్డ మిగతా విధాల బాగానే ఉంటే, టీకా వేయించిన 48 గంటల వరకు కొనసాగించవచ్చు. డోసుకూ డోసుకూ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. 24 గంటల్లో నాలుగు డోసులు మించకూడదు. 32 వారాలకంటే ముందు పుట్టిన బిడ్డలకు డాక్టరు బరువును బట్టి డోసు చెప్తారు, ముందే అడగండి. ఐబుప్రొఫెన్ సొంతంగా వేయవద్దు. ఆస్పిరిన్ పిల్లలకు అసలే వద్దు.

ఇప్పుడు చెప్పేది దయచేసి అందరూ శ్రద్ధగా వినండి. పైన చెప్పిన 2.5 ఎంఎల్ లెక్క ఇక్కడి షాపుల్లో దొరికే పసిపిల్లల పారాసెటమాల్‌కు, అంటే 5 ఎంఎల్‌లో 120 మిల్లీగ్రాములున్న సీసాకు మాత్రమే. అందులో 2.5 ఎంఎల్ పోస్తే బిడ్డకు 60 మిల్లీగ్రాములు అందుతుంది. ఇండియాలో పసిపిల్లలకు అమ్మే చుక్కల మందుల్లో చాలావాటిలో ఒక్క ఎంఎల్‌లోనే 100 మిల్లీగ్రాములుంటుంది. అదే 2.5 ఎంఎల్ ఆ సీసాలోంచి పోస్తే 250 మిల్లీగ్రాములు, నాలుగు రెట్లకు పైనే. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చిన మందు పసిబిడ్డకు వాడకండి. ఇక్కడి సీసా ముందుగా కొని, చెంచా బదులు దానితో వచ్చే సిరంజితో కొలిచి పోయండి. వేసిన టైము, వేసినవాళ్ళ పేరు ఫ్రిజ్ మీద రాయండి. నాన్న ఒకసారి, అమ్మమ్మ ఒకసారి తెలియక వేసే అవకాశం అప్పుడు ఉండదు.

జ్వరంతో ఉన్న బిడ్డకు స్వెట్టరు, చెవులకు టోపీ, మీద రెండు దుప్పట్లు వద్దు. చలిదేశం అనిపించినా ఇంట్లో హీటింగ్ ఉంటుంది. పలచటి బట్టలు ఒక్క వరస చాలు. చన్నీళ్ళ గుడ్డతో తుడవడం కూడా వద్దు, బిడ్డ వణికిపోతుంది. పాలు మాత్రం తరచుగా పట్టండి. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు రాయకూడదు, దానివల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. వస, వాము నీళ్ళు, సాంబ్రాణి పొగ కూడా ఈ వయసుకు వద్దు.

తొడ మీద సూది పడినచోట ఎర్రబడటం, వాయడం, చిన్న గడ్డలా తగలడం మామూలు. ఆ గడ్డ కొన్ని వారాలు ఉండి తనంతట తానే కరుగుతుంది. పసుపు పట్టు, వేడి కాపడం, నూనె మర్దనా దాని జోలికి రానివ్వకండి. రోటావైరస్ చుక్కల తర్వాత కొద్దిగా విరేచనాలు కావచ్చు. మలంలో ఆ వైరస్ కొన్నాళ్ళు ఉంటుంది కాబట్టి న్యాపీ మార్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి.

మనవాళ్ళకు ప్రత్యేకంగా తగిలే టీకా బీసీజీ. ఇండియాలో పుట్టగానే వేస్తారు. ఇక్కడ అందరు పిల్లలకూ వేయరు. తల్లిదండ్రులు గానీ, వాళ్ళ అమ్మానాన్నలు గానీ క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో పుట్టి ఉంటే 28 రోజులకో, ఆ తర్వాతో వేస్తారు. ఇండియా ఆ జాబితాలో ఉంది. రెండు నుంచి ఆరు వారాల్లో చేతి మీద చిన్న పొక్కు లేస్తుంది, ఒక్కోసారి పుండై కారుతుంది కూడా. అది టీకా పనిచేస్తున్న గుర్తు. గిల్లకండి, మందులు రాయకండి, గాలి తగలనివ్వండి. మన భుజాల మీద ఉన్న మచ్చ అదే.

ఏడాదికి వేసే టీకాలో తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాతో పాటు 2026 జనవరి నుంచి ఆటలమ్మ కూడా చేరింది. ఇది వెంటనే కాకుండా వారం, పది రోజులకు జ్వరమూ, దద్దురూ తేవచ్చు. అప్పటికి టీకా సంగతి మరచిపోయి "అమ్మవారు పోసింది" అంటారు. గుమ్మానికి వేపాకు కట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు. కానీ క్యాలెండరులో టీకా తేదీ కూడా చూడండి. దద్దురు ఏమిటో తేలకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇక భయపడాల్సినవేవో చెప్తాం. ఊపిరి కష్టమైనా, ఫిట్స్ వచ్చినా, ఒళ్ళు తోటకూర కాడలా వేలాడిపోయినా, లేపినా లేవకపోయినా, మాడు ఉబ్బినా, ఏడుపు వింత గొంతుతో సన్నగా కీచుమన్నా వెంటనే 999. గాజుగ్లాసు నొక్కి చూసినా మాయం కాని మచ్చలకూ 999. మన చామనఛాయ మీద మచ్చలు, రంగు మార్పు సరిగా కనబడవు. అరచేతులు, అరికాళ్ళు, పెదవులు, నాలుక, కనురెప్పల లోపలి వైపు చూడండి. 48 గంటలు దాటినా జ్వరం తగ్గకపోయినా, పాలు సగానికి సగం తగ్గినా, న్యాపీలు తడవకపోయినా 111కు గానీ జీపీకి గానీ ఫోన్ చేయాలి. మూడు నెలలలోపు బిడ్డకు టీకా వేయించని రోజుల్లో 38 డిగ్రీలు వస్తే అసలు ఆగకూడదు. టీకా వేయించిన రోజైనా సరే, బిడ్డ తీరు మీకు తేడాగా అనిపిస్తే ఫోన్ చేయండి. విసుక్కుంటారేమోనని వెనుకాడవద్దు.

ఒక ఇంటిమాట. చలికాలంలో ఇక్కడ రాత్రి రెండయితే అక్కడ పొద్దున్న ఏడున్నర. అత్తగారు కాఫీ తాగుతూ వీడియో కాల్‌కు దొరుకుతారు. ఆవిడ ప్రేమతో చెప్పే పది సలహాలు, నిద్రలేని తల్లికి పది అనుమానాలవుతాయి. పెద్దలకు మా విన్నపం: "మందు వేశావా, నువ్వు తిన్నావా?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలు చాలు. దిష్టి తీయాలనిపిస్తే తీయండి, కర్పూరం బిడ్డకు దూరంగా వెలిగించండి. కానీ థర్మామీటరు పెట్టి చూశాకే దిష్టి. బారసాల, అన్నప్రాశన వంటివి టీకా తర్వాతి రెండు రోజుల్లో పెట్టుకోకపోతే తల్లీబిడ్డలిద్దరికీ సుఖం.

చివరిగా, జ్వరం వచ్చిందని తర్వాతి డోసు మానకండి. ఎర్ర పుస్తకంలో రాసుకుని నర్సుకు చెప్పండి, ఆవిడ సలహా ఇస్తారు. 2024లో ఇంగ్లండ్‌లో 2,900 మందికి పైగా తట్టు సోకినట్టు నిర్ధారణ అయింది. 2012 తర్వాత అంత ఎక్కువగా ఎప్పుడూ లేదు. పండగ రోజుల్లో ఈ హాలు ఎంత కిక్కిరిసిపోతుందో మీకు తెలుసు. ఇంకా టీకా వయసు రాని పసివాళ్ళు ఇక్కడే ఒళ్ళో నిద్రపోతుంటారు. మీ బిడ్డకు వేయించే టీకా పక్కింటి బిడ్డకూ కాపు కాస్తుంది.

రెండు రాత్రుల నిద్ర పోతుంది, నిజమే. తోడు కావాలంటే అడగండి. మందు, డోసు సంగతులు నర్సును, ఫార్మసిస్టును అడగాలి. అన్నం వండి తేవడానికి, పెద్దపిల్లను బడి నుంచి తీసుకురావడానికి మేమున్నాం. ప్రతి ఆదివారం ప్రసాదం పంచే చోట మా బృందంలో ఎవరో ఒకరు ఉంటారు.

పిల్లలందరూ చల్లగా ఉండాలి. నమస్కారం.