మందులకు లొంగని క్రిములు



శిశువైద్యము నా వృత్తి. ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డునందు నేను తరచుగా చూచుచున్న యొక సంగతిని మీకు విన్నవింపదలచితిని.

నెలలు నిండక పుట్టిన బిడ్డ యొకనాడు పాలు త్రాగదు, ఒడలు చల్లబడును. నెత్తుట క్రిమి చేరెనేమో యని శంకించి, నెత్తురు పరీక్షకు పంపి, వెంటనే సూదిమందు ప్రారంభింతుము. ఫలితము తెలియుటకు రెండు మూడు దినములు పట్టును. ఆ క్రిమి మేమిచ్చిన మందునకు లొంగనిదని అప్పుడు తెలిసినచో, ఒకటిన్నర కిలోలైన తూగని ఆ పసికందునకు గడచిన దినములను తిరిగి తేగలవారెవరు? అట్టి బిడ్డలలో కొందరిని నేను దక్కించుకొనలేకపోతిని.

ఇది మావార్డునకే పరిమితమైన కష్టము కాదు. ఢిల్లీలో మూడు ఆసుపత్రులయందు 2011 మొదలు 2014 వరకు నవజాత శిశువులను పరిశీలించి, ఫలితములను 2016లో ప్రకటించిరి. అచట హెచ్చుగా కానవచ్చిన క్రిములు అసినెటోబాక్టరు, క్లెబ్సియెల్లా అనునవి. మొదటిదానిలో నూటికి 82, రెండవదానిలో నూటికి 54 పెక్కుమందులకు లొంగనివని తేలినది.

ఏల లొంగవు? బిడ్డ యొడలు మందునకు అలవాటు పడినదని పలువురు తలంతురు. అది పొరపాటు, మారినది క్రిమి. అనువైన తావున కొన్ని క్రిములు ఇరువది నిమిషములకొకమారు రెండేసి యగును. లక్షలలో ఏ యొక్కటియో మందును విరుగగొట్టు రసమును పుట్టించును. మందు తక్కినవానిని చంపగా, చోటంతయు దానిదే యగును. ఏటేట ఒకే పురుగుమందు చల్లిన పత్తిరైతునకు నేనిది వేరుగ చెప్పనక్కరలేదు. పైగా ఆ క్రిమి తన విద్యను వేరుజాతి క్రిములకును అందీయగలదు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగు, చాలీచాలని మోతాదు వాడిన నిట్లగునని 1945లో నోబెల్ బహుమాన సందర్భమునందే హెచ్చరించెను.

కావున పిల్లల జలుబునకు ఈ మందులను దుకాణమున అడిగి కొనకుడు. జలుబు వైరస్సులవలన కలుగును. వానిపై ఇవి పనిచేయవు. నిరుడు మిగిలిన సీసాను ఈయేడు మరియొక బిడ్డకు పోయకుడు.

మరియొక మాట. మనుమని చూడవచ్చిన తాతగారి నొకరిని మా నర్సు చేతులు కడుగుకొనుమని కోరగా, "నా చేతులు మైలవా?" యని ఆయన నొచ్చుకొనెను. నిజమునకు ఒక బిడ్డనుండి వేరొక బిడ్డకు ఈ క్రిములను మోయుటలో మా చేతులదే పెద్దపాలు. మీరు కడుగుకొనుడు, మేము కడుగుకొనక బిడ్డను ముట్టబోయినచో, డాక్టరను మొగమాటము లేక ఆపుడు.